ఇటుకలెత్తిన మంచం, నీళ్లివ్వని పత్యం

నాకు తేడా తెలిసింది తల దువ్వించుకోవడానికి లేచి కూర్చున్న రోజున.

ఆత్మకూరులో మా ఆడబిడ్డ ఎస్తేరొదిన ఇంట్లో, ముందుగదిలో నా మంచం. కుడికాలికి ఆపరేషన్ అయి కొన్ని వారాలైంది. జుట్టు అట్టకట్టింది. నేనే గొడవ చేసి లేచి, కాళ్లు కిందికి వేలాడేసి కూర్చున్నాను. ఒదిన దువ్వెన పెట్టిందో లేదో చెవుల్లో హోరు మొదలైంది. ఎదురుగోడ మీది క్యాలెండరు అంచుల నుంచి నల్లబడుతూ వచ్చింది. గుండె గొంతులోకొచ్చి కొట్టుకుంది. ఆ తర్వాత ఏమీ తెలియదు.

కళ్లు తెరిచేసరికి ఒదిన ఒళ్లో ఉన్నాను. ఆమె మొహంలో భయం లేదు. పందెం గెలిచిన మొహం అది.

"చెప్పినానా లేదా లేవబాకని? ఎముక పచ్చిగా ఉండాది మే. ఇప్పుడే లేస్తే నెత్తురు తలకెక్కదా?"

నెత్తురు తలకెక్కితే కళ్లెందుకు నల్లబడతాయని అడిగే ఓపిక నాకు లేదు. మళ్లీ పడుకోబెట్టారు. పడుకోగానే బాగైంది. దాంతో ఆమె మాటే నిజమని ఇంటిల్లిపాదికీ రుజువైపోయింది.

మొదటినుంచి చెబుతాను. మాది ఉదయగిరి. నాకు మేకలున్నాయి. బడి ఏడో తరగతితో ఆపేశాను గానీ చదువు ఆపలేదు. మా ఊరి శాఖా గ్రంథాలయంలో తెలుగులో ఉన్న సైన్సు పుస్తకాల్లో నేను ఇంటికి తెచ్చుకోనిది లేదు. మా వీధిలో డిగ్రీలు చేసినవాళ్లు నలుగురున్నారు. లైబ్రరీ ఎటువైపుందో ఆ నలుగురికీ నేనే చెప్పాలి.

కొండ కింద మేకల్ని తోలుతూ రాయి మీద కాలు జారి పడ్డాను. మోకాలి కింది ఎముక విరిగింది. నెల్లూరులో ఆపరేషన్ చేసి లోపల రాడ్ వేశారు. డిశ్చార్జి రోజున డాక్టరమ్మ స్పష్టంగా చెప్పింది. "వాకర్ పట్టుకుని రోజూ నిలబడాలి. ఆ కాలి మీద బరువు ఎంత వెయ్యాలో ఫిజియో చూపిస్తారు. నీళ్లు బాగా తాగాలి. మంచంలోనే ఉండిపోకూడదు." మా ఆయన దానియేలు ప్రతి ముక్కకీ తలూపాడు. ఆస్పత్రి గేటు దాటేలోపే అంతా మర్చిపోయాడు.

చెకప్‌లకు నెల్లూరు పోవడానికి ఉదయగిరి కన్నా ఆత్మకూరు దగ్గరని నన్ను ఎస్తేరొదిన ఇంట్లో దించారు. ఆమె మా ఆయనను ఎత్తుకుని పెంచిన అక్క. ఆమె మాటకు ఆయన ఎదురు చెప్పడం నేనెప్పుడూ చూడలేదు. డాక్టరు మాటలు నేనూ విన్నాను, వచ్చిన రోజే చెప్పాను కూడా. కానీ ఇంట్లో మాట చెల్లేది నిలబడి మాట్లాడేవాళ్లకు. పడుకుని మాట్లాడేవాళ్లది మూలుగు కింద జమ.

ఒదిన పత్యం పెట్టింది. నీళ్లు తాగితే కుట్లు చీము పడతాయట. అందుకని నోరు తడిసేందుకు గుక్క, మాత్ర మింగేందుకు ఇంకో గుక్క. ఉప్పు వేస్తే గాయం నీరు పడుతుందట. అందుకని చప్పిడి అన్నం, మిరియాల చారు, ఎండు బ్రెడ్డు. కాలు వాపు దిగాలని మంచం కాళ్లవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టించింది. తల కిందికి, కాళ్లు పైకి. మంచం మీదికే బెడ్‌పాన్. కొత్త వాకర్ మీద తువ్వాళ్లు ఆరేసింది.

చూడటానికి వచ్చేవాళ్ల సంగతి చెప్పకపోతే ఈ కథకు న్యాయం జరగదు. ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక అక్కడి స్త్రీల సమాజం మొత్తం మా గదిలో ఉండేది. అందరి చేతుల్లో అదే బ్రెడ్డు, అవే బత్తాయిలు. బత్తాయిలు పత్యానికి పనికిరావని మళ్లీ వాళ్లకే రసం తీసి ఇచ్చేవాళ్లు. నేను చూస్తుండగా తాగేవాళ్లు. తాగి మూతి తుడుచుకుని సలహా చెప్పేవాళ్లు.

"మా తోడికోడలు మూడో రోజే లేచి తిరిగింది. ఇప్పటికీ కుంటతాది."

"నీళ్లు మాత్రం ఇయ్యబాక ఎస్తేరమ్మా. మా ఇంటాయనకు నీళ్లే కొంప ముంచినాయి."

"నువ్వు చేసే సేవకి దేవుడు నీకు గొప్ప ప్రతిఫలం ఇస్తాడు."

ఆ చివరి మాటకు ఒదిన కళ్లు తుడుచుకునేది. నాలుక అంగిలికి అతుక్కుపోయిన మనిషి అక్కడే ఒకతి పడుకుని ఉందని ఎవరికీ పట్టలేదు.

కళ్లు తిరిగి పడిపోయిన మరుసటి రోజు వీధి చివర ఆర్‌ఎంపీని పిలిపించారు. ఆయన నాడి పట్టుకుని, కళ్లెత్తి చూసి, నీరసమని తేల్చి సెలైను సీసా కట్టాడు. ఆ సాయంత్రం నాకు నిజంగానే ప్రాణం లేచొచ్చింది. ఆ సీసాలో ఉన్నది ఏమిటి? నీళ్లు, ఉప్పు. నోటితో తాగితే చీము పట్టే నీళ్లే సూదితో ఎక్కిస్తే బలమైపోయాయి. ఈ మాట ఆర్‌ఎంపీతోనే అన్నాను. "రోగివి రోగిలాగా ఉండమ్మా," అన్నాడు.

మా ఆయన వారానికోసారి మేకల్ని పక్కింటివాళ్లకు అప్పజెప్పి ఆత్మకూరు వచ్చేవాడు. వచ్చేటప్పుడు నా కార్డు మీద లైబ్రరీ పుస్తకం తెమ్మని చెప్పాను. ఆయన తెచ్చింది అంతరిక్షయానం మీద లావుపాటి పుస్తకం.

"ఇదెందుకు తెచ్చినావు?"

"లావుగా ఉండాది కదా. శానా రోజులొస్తాదని తెచ్చినా."

ఆ మనిషి తెలిసి చేసిన మేలు ఈ మొత్తంలో ఒక్కటీ లేదు. ఇది తెలియక చేసిన మేలు.

అందులో, బరువు తెలియని చోట గుండెకు, రక్తనాళాలకు ఏమవుతుందో చెప్పే అధ్యాయం ఒకటి ఉంది. రక్తనాళాలను కూడా మావాళ్లు నరాలనే అంటారు. నరం వేరు, రక్తనాళం వేరు. మనం నిలబడినప్పుడు నెత్తురు తన బరువుకి కాళ్లలోకి దిగుతుంది. కాళ్ల రక్తనాళాలు బిగుసుకుంటాయి, గుండె జోరు పెంచుతుంది, రెండూ కలిసి దాన్ని పైకి తోలుతాయి. పుట్టి నడిచిన నాటి నుంచి ఈ పని జరుగుతూనే ఉంటుంది. అంతరిక్షంలో నెత్తురుకి దిగే దారి లేదు. ఛాతీలోకి, తలలోకి సర్దుకుంటుంది. మొహం ఉబ్బుతుంది, పిక్కలు సన్నబడతాయి. ఒంట్లో నీరు ఎక్కువైందని శరీరం పొరబడి బయటికి పంపేస్తుంది. దాంతో నెత్తురే తగ్గుతుంది. ఎత్తిపోసే పని తగ్గిన గుండె కండ పలచబడుతుంది. మెడలో పెద్ద ధమనులు బిరుసెక్కుతాయి. భూమికి తిరిగొచ్చి నిలబడగానే కొందరికి కళ్లు నల్లబడి పడిపోయేంత పనవుతుంది. అలా కాకుండా దిగే ముందు వాళ్లతో ఉప్పు కలిసిన నీళ్లు తాగిస్తారు. కాళ్లను గట్టిగా పట్టి ఉంచే తొడుగులు వేస్తారు.

ఇంకో మాట కూడా ఉంది. అందరినీ పైకి పంపలేరు కాబట్టి, ఇదంతా తెలుసుకోవడానికి శాస్త్రవేత్తలు ఆరోగ్యంగా ఉన్న మనుషుల్ని వారాల తరబడి మంచం మీదే ఉంచుతారు. తలవైపు కొంచెం కిందికి, కాళ్లవైపు కొంచెం పైకి వంచిన మంచం మీద.

పుస్తకం ఛాతీ మీద పెట్టుకుని మంచం కోళ్ల కింది ఇటుకల్ని తలచుకున్నాను. ఆ మనుషులకు చుట్టూ డాక్టర్లుంటారు, పూటపూటా పరీక్షలుంటాయి, పడుకున్నందుకు డబ్బులిస్తారు. నాకు ఎస్తేరొదిన ఉంది.

ఆ పేజీలు ఆమెకు చదివి వినిపించాను. కూర తరుగుతూ విన్నది.

"వాళ్లు రాకెట్టులో పోయినారు. నువ్వు మేకలెనక పోయినావు. వాళ్లకూ నీకూ ఏంది మే సాపత్యం?"

"గుండె ఒకటే కదొదినా. పని లేకపోతే ఎవరిదైనా అట్నే చిక్కిపోతాది."

"నీకు రెస్టు కుదిరితే పుస్తకాలు, పుస్తకాలు కుదిరితే నోరు. పండుకో."

ఆమె ఫోను స్టేటస్‌లో ఆ వారం శ్రీహరికోట రాకెట్టు బొమ్మ, కింద జెండా. నిన్నమొన్నటి దాకా మా జిల్లాలోనే ఉన్న ఊరది. అక్కడ రాకెట్టు లేచిన ప్రతిసారీ మా వాళ్ల ఛాతీలు ఉబ్బుతాయి. రాకెట్టులో పోయే మనిషికి దాహం వేస్తే ఏం చేస్తారో చదవమంటే మాత్రం కూర మాడిపోతుంది.

పుస్తకం చివరికి రాకముందే ముప్పు ఎడమకాలికి వచ్చింది. విరిగిన కాలు కుడిది. ఎడమకాలు మంచిది. దాని పిక్క గట్టిపడి, ఎర్రగా, వేడిగా ఉంది. పాదం వెనక్కి వంచితే పిక్కలో కత్తి తిప్పినట్టుంది. రెండు పిక్కలనూ నూలుదారంతో కొలిచి చూసుకున్నాను. మంచి కాలే లావుగా ఉంది.

ఆర్‌ఎంపీ వచ్చి చూశాడు. "పడుకుని పడుకుని పట్టేసింది. ఆముదం వెచ్చబెట్టి కింది నుంచి పైకి గట్టిగా తొయ్యండి," అని చెప్పి పోయాడు. ఒదిన పొయ్యి మీద ఆముదం పెట్టింది.

ఆ పుస్తకంలో ఒక చిన్న పేరా ఉంది. అంతరిక్షంలో ఉండగా ఒకరి మెడ సిరలో నెత్తురు గడ్డకట్టినట్టు స్కాన్‌లో తేలిందని, అక్కడ నెత్తురు నిలిచినట్టు నెమ్మదించడం దానికి కారణం కావచ్చని. కాలి సిరలో గడ్డకడితే అది కదిలి ఊపిరితిత్తుల్లోకి పోతుందని ఇంకో పుస్తకంలో ఎప్పుడో చదివాను. తోస్తే కదిలేది నొప్పి కాదు, గడ్డ. నా భయం అదీ.

"కాలు ముట్టుకోబాకొదినా. నన్ను నెల్లూరు తీసుకుపోండి."

"ఆముదం రాస్తే పోయేదానికి నెల్లూరెందుకు మే? దానియేలూ, కాలు పట్టుకో."

మా ఆయన ఆ రోజు అక్కడే ఉన్నాడు. గిన్నె పట్టుకున్న అక్కను చూశాడు, నన్ను చూశాడు. మంచం దగ్గరికి వచ్చి చీలమండ పట్టుకున్నాడు.

"నువ్వు ఆ కాలు వదల్లేదంటే నేను కిందపడైనా రోడ్డు దాకా పాకతా. బస్టాండులో నీ పేరు చెప్పి అడుక్కుంటా, ఈయన నా మొగుడు, నన్ను ఆస్పత్రికి తీసుకుపోడంట అని. స్త్రీల సమాజం మొత్తం చూస్తాది."

నా ప్రాణం పోతుందంటే కదలని మనిషి పరువు పోతుందంటే కదిలాడు. "అక్కా, ఒకసారి చూపించుకొస్తాం లే," అన్నాడు. నలభై దాటిన మనిషి పుట్టాక అక్కతో అన్న మొదటి ఎదురుమాట అది. అది కూడా నసుగుతూ. ఒదిన గిన్నె దించి పొయ్యి ఆర్పింది. నేల చూస్తూ, "పోండి. చచ్చినా నన్ను పిలవబాకండి," అంది.

కారు మాట్లాడి వెనకసీట్లో పడుకోబెట్టి తీసుకుపోయారు. అదే ఆస్పత్రి, అదే డాక్టరమ్మ. సిరల్లో నెత్తురు ఎలా పారుతోందో చూసే డాప్లర్ స్కాన్ కాలికి తీశారు.

"డీప్ వీన్ త్రాంబోసిస్. డీవీటీ అంటాం. లోపలి సిరలో క్లాట్, అంటే రక్తం గడ్డ, ఉంది. ఎన్నాళ్ల నుంచి పడుకునే ఉంది ఈమె?"

మా ఆయన చెప్పాడు.

"నిలబెట్టమన్నాను కదా. పడుకోమని ఎవరు చెప్పారు?"

"మా అక్క మేడం."

"మీ అక్క ఏం చదువుకున్నారు?"

"టైలరింగు మేడం."

ఆముదం సంగతి నేను చెప్పాను. ఆమె కలం కింద పెట్టింది. "తోసి ఉంటే లంగ్స్‌లోకి పోయే ప్రమాదం ఉంది. అప్పుడు ఇంత తీరిగ్గా మాట్లాడుకునేవాళ్లం కాదు." మా ఆయన గోడకు ఆనుకున్నాడు. ఆయన కళ్లు తిరగడం చూసి నర్సు స్టూలు వేసింది. పేషెంటును నేను.

నెత్తురు గడ్డకట్టనివ్వని బ్లడ్ థిన్నర్ ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. ఛాతీకి స్కాన్, గుండెకు ఎకో తీశారు. లంగ్స్‌లో ఏమీ లేదు. గుండె బాగానే ఉంది, పని అలవాటు తప్పింది అంతే అన్నారు. అప్పుడు నేను అంతరిక్షం పుస్తకం సంగతి మొత్తం చెప్పాను. డాక్టరమ్మ చివరిదాకా విన్నది.

"పోలిక బాగానే ఉందమ్మా. కానీ వాళ్లు అక్కడ రోజూ గంటల తరబడి ఎక్సర్‌సైజ్ చేస్తారు. ఆ పేజీ చదవలేదా?"

"చదివినాను మేడం. వాళ్లకు ఒదిన లేదు."

ఆమె నవ్వలేదు గానీ నర్సు వెనక్కి తిరిగి నిలబడింది.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. కాలేదు. నాలుగు రోజులకు ఫిజియో వచ్చి నిలబెట్టగానే మళ్లీ పడిపోయాను. పడుకున్నప్పుడు బీపీ, నిలబడినప్పుడు బీపీ రెండూ రాసుకున్నాడు. "పోస్చురల్ డ్రాప్. నిలబడగానే బీపీ పడిపోతోంది. నిదానంగా పోదాం," అన్నాడు. ముందు తలవైపు మంచం ఎత్తి కూర్చోబెట్టడం. తర్వాత కాళ్లు వేలాడేసి పాదాలు పైకీ కిందికీ ఆడించడం. ఆ తర్వాతే నిలబడటం. తొడల దాకా బిగుతైన స్టాకింగ్స్ తొడిగారు. చెమటకు దురద పెట్టి ప్రాణం తీసేవి. అయినా విప్పలేదు. ఉప్పునీళ్లు తాగొచ్చా అని అడిగాను.

"మీకు బీపీ లేదు, కిడ్నీలు బాగున్నాయి కాబట్టి ఓఆర్‌ఎస్ తాగండి," అంది డాక్టరమ్మ. "ఇది ఊరంతా చాటించకండి. బీపీ ఉన్నవాళ్లకూ గుండెజబ్బు ఉన్నవాళ్లకూ ఉప్పు విషం."

చాటించను, చాటిస్తే మావాళ్లు ఏం చేస్తారో నాకు తెలుసు అన్నాను.

డిశ్చార్జి అంటే నాకు వణుకు పుట్టింది. మళ్లీ ఆ ఇంటికే పోతే మళ్లీ ఆ మంచమే. మా ఆయన ఇంతకుముందు లాగే తలూపుతాడు, ఇంతకుముందు లాగే మర్చిపోతాడు. ఈసారి గడ్డ ఎటు పోతుందో. అందుకని ఎస్తేరొదిన వస్తేనే నేను మంచం దిగుతానని మొండికేశాను. పిలవొద్దన్న మనిషి పిలవగానే వచ్చింది. చేతిలో బ్రెడ్డు ప్యాకెట్టు.

డాక్టరమ్మ నా వైపు తిరిగి చెప్పడం మొదలుపెట్టింది. నేను ఆపాను. "నాకు చెప్పి లాభం లేదు మేడం. ఈమెకు చెప్పండి."

ఆమెకు అర్థమైంది. కుర్చీ ఒదిన వైపు తిప్పుకుని, ఎప్పుడు నిలబెట్టాలి, ఎన్ని నీళ్లు, ఏ మాత్ర ఎందుకు ఆపకూడదు, అన్నీ చెప్పింది. చెప్పి, "ఇప్పుడు మీరు నాకు చెప్పండి," అంది.

ఒదిన కొంగు సర్దుకుంది. "నీళ్లు తాగాలంట."

"ఎన్ని?"

"శానా."

"మళ్లీ చెబుతాను, వినండి."

రెండోసారికీ తప్పు చెప్పింది. మూడోసారి అంతా ఒప్పజెప్పింది, ఆదివారం బడిలో వాక్యం ఒప్పజెప్పే పిల్లలాగా, గొంతు సన్నం చేసుకుని. నేను దుప్పటి పైకి లాక్కుని చూస్తున్నాను. ఇంత మందు నాకు ఏ సెలైను సీసాలోనూ దొరకలేదు.

ఈసారి ఆత్మకూరులో ఆగకుండా మా ఇంటికి, ఉదయగిరికే వచ్చాం. వండిపెట్టే దిక్కులేక ఒదినా మాతో వచ్చింది. మొదటి ఉదయమే నా మంచం దగ్గర నిలబడింది, చెంబు నిండా నీళ్లతో.

"లెయ్ మే. నిలబడు. మేడం చెప్పింది."

"ఇప్పుడేగా కాఫీ తాగినా."

"కాఫీ లెక్కలోకి రాదంట. లెయ్."

అదే గొంతు, అదే పెత్తనం. లోపల ఉన్న ఆజ్ఞ ఒక్కటే మారింది. ఆమెకు నా గుండె సంగతి ఇప్పటికీ ఒక్క ముక్క అర్థం కాలేదు. అర్థం కానవసరం లేదని నాకు అప్పుడే అర్థమైంది. పక్కింటామె వచ్చి, "నెత్తురు పలచబడే మాత్రలా, ఒంట్లో సత్తువంతా పోతాదే, ఆపెయ్," అంటే గుమ్మంలోనే తగులుకుంది ఒదిన. "నువ్వు ఏ ఆస్పత్రిలో డాక్టరువు? మేడం ఆపమన్నదాకా ఆపేది లే." డాక్టరమ్మ ఆపమన్నాకే, రెండో డాప్లర్‌లో గడ్డ లేదని చూశాకే, మాత్రలు ఆపాను.

ఇప్పుడు నడుస్తున్నాను. కొండ కిందిదాకా మేకలతో పోతాను, ఎక్కుడు దారిలో రెండుసార్లు ఆగుతాను. ఎండాకాలం సాయంత్రానికి ఎడమ పిక్క బరువెక్కుతుంది. ఎక్కువసేపు కూర్చుంటే పాదాలు ఆడిస్తాను. బస్సులో పక్కన కూర్చున్నవాళ్లు వింతగా చూస్తారు, చూడనీ. ఎస్తేరొదిన ఆత్మకూరులో, మరదలి ఎముక తన పత్యంతోనే అతికిందని, మరదలిని నడిపించింది కూడా తానేనని చెప్పుకుంటోందట. స్త్రీల సమాజం తలూపుతోందట.

ఇక మీకు చెప్పేది ఒక్కటే. ఆపరేషన్ అయి ఇంటికి పోయే రోజున డాక్టరు మాటలు మీరు వినడం చాలదు, మీతో వచ్చిన మెత్తని మనిషి వినడం అసలు చాలదు. ఇంట్లో మీ మీద పెత్తనం చేయబోయేది ఎవరో మీకు తెలుసు. ఎప్పుడు నిలబడాలి, ఎన్ని నీళ్లు తాగాలి అని ఆ మనిషి ఎదుటే అడగండి. ఆ మనిషి నోటితోనే తిరిగి చెప్పించండి. తప్పు లేకుండా చెప్పేదాకా ఆస్పత్రి మంచం దిగకండి.